చిన్న టార్చిల వెలుగును ఇంట్లోనే కొలిచి పోల్చడం ఎలా

రెండు టార్చిలను పక్కపక్కన పట్టుకుని గోడమీద వేసి చూస్తే, నడిమి మచ్చ ఏది మిరుమిట్లు గొలిపితే అదే గొప్పదని కళ్లు తేల్చేస్తాయి. ఆ తీర్పు తరచు తప్పుతుంది. వెలుగును వెడల్పుగా పరిచే టార్చి నుంచి మొత్తంమీద ఎక్కువ కాంతే వస్తున్నా, అంతా ఒకచోట కుప్పపోసే టార్చి పక్కన అది మసకగా కనబడుతుంది. పైగా వెలుగు రెట్టింపైందని కంటికి తోచాలంటే నిజంగా అది కనీసం నాలుగు రెట్లు పెరగాలి. 300 ల్యూమెన్ల (ల్యూమెన్ అంటే మొత్తం కాంతికి కొలమానం) టార్చికీ 350 ల్యూమెన్ల టార్చికీ తేడాను కన్ను నమ్మకంగా పట్టుకోలేదు. డబ్బామీది అంకెలు కూడా ఆదుకోవు. కొన్ని నిజాయితీగా కొలిచినవి, కొన్ని ఎల్‌ఈడీ తయారీదారు పత్రంలోంచి ఎత్తి రాసినవి, మరికొన్ని ఊహలు.

ఒక మామూలు లక్స్ మీటరు, చీకటి గది, కొలత టేపు, కాస్త ఓపిక ఉంటే నమ్మదగిన పోలిక చేసుకోవచ్చు. ప్రయోగశాలలో వచ్చేంత కచ్చితమైన ల్యూమెన్ అంకె రాకపోవచ్చు. కానీ రెండింటినీ ఒకే పరిస్థితుల్లో కొలిస్తే వాటి నిష్పత్తి బాగా సరిగ్గా వస్తుంది. పోలికకు కావలసింది ఆ నిష్పత్తే.

ముందు మూడు కొలతలను వేరుచేసుకోండి

టార్చి ముఖంలోంచి అన్ని దిక్కులకూ కలిపి బయటికి వచ్చే మొత్తం కాంతి ల్యూమెన్లలో ఉంటుంది. ఒక దిక్కున ఆ కాంతి ఎంత చిక్కగా ఉందో కాండెలా చెబుతుంది. ఆ కాంతి ఒక ఉపరితలం మీద ఎంత పడుతోందో లక్స్ చెబుతుంది. చదరపు మీటరుకు ఒక ల్యూమెన్ పడితే ఒక లక్స్. మీటరు చూపేది లక్స్ మాత్రమే. మిగతా రెండూ మనం లెక్క కట్టుకోవాలి.

టార్చిల డబ్బాలమీద కనబడే ఆన్సి (అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ) ఎఫ్‌ఎల్1 ప్రమాణం 2009లో వచ్చింది, 2019లో సవరించారు. దాని ప్రకారం టార్చి వెలిగించిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు కొలిచిన కాంతినే ల్యూమెన్లుగా ప్రకటించాలి. కాంతి 0.25 లక్స్‌కు పడిపోయే దూరమే 'వెలుగు చేరే దూరం'. 0.25 లక్స్ అంటే నిర్మలమైన రాత్రి నిండు పున్నమి వెన్నెల ఉజ్జాయింపు. వెలుగు 30వ సెకనున ఉన్నదానిలో పదోవంతుకు దిగేదాకా పట్టే సమయమే 'నడిచే సమయం'. ఈ చివరి నిర్వచనం దగ్గర చాలామంది పొరబడతారు. డబ్బామీద '1000 ల్యూమెన్లు, 3 గంటలు' అని ఉంటే మూడు గంటలపాటు వెయ్యి ల్యూమెన్లు వస్తాయని కాదు. మొదటి రెండు నిమిషాలు వెయ్యి ఇచ్చి, ఆపైన 250 దగ్గర గంటల తరబడి లాగినా ఆ ముద్ర వేసుకోవచ్చు.

'ఎల్‌ఈడీ ల్యూమెన్లు' అని రాసి ఉంటే అది చిప్ దగ్గరి లెక్క. రిఫ్లెక్టరూ ముందు అద్దమూ కొంత మింగేస్తాయి. పూత లేని మామూలు అద్దం ఒక్కో ముఖం దగ్గర సుమారు 4 శాతం చొప్పున, రెండు ముఖాలకూ కలిపి 8 శాతం వెనక్కి కొడుతుంది. రిఫ్లెక్టరు వాటా దానికి అదనం.

దగ్గర పెట్టుకోవలసినవి

లక్స్ మీటరు ఒక్కటి కొనుక్కోవాలి. సెన్సరు మీద తెల్లటి అర్ధగోళపు మూత ఉన్నదీ, సెన్సరు వైరుతో విడిగా వచ్చేదీ అయితే మేలు. మీ నీడ పడకుండా అంకె చదవచ్చు. 0.1 లక్స్ వరకు చూపించేది ఎంచుకోండి. ఫోన్‌లోని వెలుతురు సెన్సరుతో పనిచేసే యాప్‌లు ఒకే ఫోన్‌తో, ఒకే చోట, ఒకే రకం రెండు టార్చిలను ఉజ్జాయింపుగా పోల్చడానికి పనికొస్తాయి. అంతకుమించి నమ్మకండి. ఫోన్ సెన్సరు సన్నని కంతలోంచి చూస్తుంది కాబట్టి కాస్త పక్కకి వంగితే అంకె దూకేస్తుంది.

ఇవి కాక కొలత టేపు, కోణమానిని, గుర్తులు పెట్టడానికి రంగు టేపు, స్టాప్‌వాచ్, సెల్ వోల్టేజి చూడటానికి మల్టీమీటరు, టార్చిని కదలకుండా నిలబెట్టడానికి స్టాండు లేదా పుస్తకాల దొంతర ఉంటే చాలు. వీటన్నిటికంటే విలువైనది ఒక ప్రమాణ టార్చి, అంటే వెలుగు ఎంతో తెలిసినదీ, మధ్య స్థాయిలో స్థిరంగా వెలిగేదీ. దాన్ని రోజువారీ వాడకానికి తీయకండి.

కొలతకు ముందు టార్చిని సిద్ధం చేయడం

పోలికలు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. మీటరు మీద అనుమానపడే ముందు సెల్‌ను చూడండి.

రీచార్జి అయ్యే లిథియం అయాన్ సెల్ పూర్తిగా నిండితే 4.20 వోల్టుల దగ్గర ఉంటుంది. చార్జరు నుంచి తీసి కొలిస్తే 4.15 కంటే తక్కువ చూపిస్తే అది నిండలేదు, లేదా పాతబడింది. ఏఏ సైజులో వచ్చే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ పేరుకు 1.2 వోల్టులైనా, ఎక్కువ కరెంటు లాగే చిన్న టార్చిలో 1.5 వోల్టుల ఆల్కలైన్ సెల్ కంటే అదే బాగా నిలబడుతుంది. ఆల్కలైన్ సెల్ లోపలి నిరోధం ఎక్కువ, బరువు పడగానే వోల్టేజి కుంగిపోతుంది. కాబట్టి ఒకదానిలో ఆల్కలైన్, మరోదానిలో రీచార్జి సెల్ వేసి పోలిస్తే మీరు సెల్‌లను పోల్చినట్టే. రెండు టార్చిలూ ఒకే సైజు సెల్ తీసుకుంటే అదే సెల్‌ను మళ్లీ చార్జి చేసి రెండింటిలోనూ వాడండి.

ఒక జాగ్రత్త. 14500 లిథియం సెల్, ఏఏ సెల్ ఒకే కొలతలో ఉంటాయి. 1.5 వోల్టులకే చేసిన టార్చిలో 4.2 వోల్టుల సెల్ వేస్తే సర్క్యూటు కాలిపోవచ్చు. టార్చితో వచ్చిన కాగితంలో అనుమతి ఉంటేనే వేయండి.

తరవాత వెనక మూత విప్పి మరలనూ స్ప్రింగునూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడవండి. మూత అంచు నల్లగా మసిబారి ఉంటే కరెంటు సరిగ్గా పారదు, వెలుగు తగ్గుతుంది, కొన్నిసార్లు అదురుతుంది కూడా. ముందు అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడవండి. వేలిముద్ర చాలు, మచ్చ అంచును చెదరగొట్టడానికి.

అంతకుముందే వెలిగి వేడెక్కిన టార్చిని వెంటనే కొలవకండి. ఎల్‌ఈడీ వేడెక్కినకొద్దీ అదే కరెంటుకు తక్కువ కాంతి ఇస్తుంది. ప్రతి కొలతకూ టార్చి గది ఉష్ణోగ్రతకు వచ్చాక మొదలుపెట్టండి. వెలిగించిన 30వ సెకనున చదివిన అంకెనే ప్రతిదానికీ రాసుకోండి. మొదటి క్షణపు అంకె ఎప్పుడూ పెద్దదిగానే ఉంటుంది. దాన్ని కూడా విడిగా రాసుకుంటే, 30 సెకన్లలో ఎంత జారిందో తెలుస్తుంది.

మొదటి పద్ధతి: పైకప్పు మీద కొట్టి కొలవడం

ల్యూమెన్ల పోలికకు ఇంతకంటే సులువైన దారి లేదు. చిన్న గది, తెల్లటి పైకప్పు కావాలి. తెల్ల టైల్స్ వేసిన బాత్‌రూమ్ అయితే ఇంకా మంచిది. వెలుగు గోడలమధ్య బాగా కలగలుస్తుంది, అంకె పెద్దదిగా వస్తుంది.

1. గదిని పూర్తిగా చీకటి చేసి, టార్చి ఆపి మీటరు చదవండి. 0.0 రాకపోతే ఆ అంకెను ప్రతి కొలతలోంచి తీసేయండి.
2. టార్చిని నిలువుగా, ముఖం పైకి ఉండేలా పెట్టండి. అది ఉన్నచోట నేలమీద టేపుతో గుర్తు వేయండి. ఎత్తులో తేడా ఉన్న టార్చిల కింద అట్టముక్కలు పెట్టి ముఖాలన్నీ ఒకే ఎత్తుకు తీసుకురండి.
3. సెన్సరును టార్చికి కనీసం ఒక మీటరు దూరంలో, పైకి చూసేలా పెట్టండి. మధ్యలో ఒక అట్ట నిలబెడితే టార్చి పక్కలనుంచి కారే వెలుగు నేరుగా సెన్సరుకు తగలదు.
4. వెలిగించి, ప్రతిసారీ అదే చోట నిలబడండి. లేత రంగు చొక్కా, నల్ల చొక్కా మధ్య తేడా కూడా చిన్న గదిలో అంకెలో కనబడుతుంది. తలుపు బయటి నుంచి చదవగలిగితే అంతకంటే మంచిది లేదు.
5. 30వ సెకనున చదవండి. టార్చి చల్లారాక మళ్లీ చేయండి. మూడుసార్లు చేసి సగటు తీయండి.

లెక్క తేలిక. 300 ల్యూమెన్ల ప్రమాణ టార్చికి 12 లక్స్ వచ్చిందనుకుందాం. ఇదే ఏర్పాటులో మరో టార్చికి 20 లక్స్ వస్తే అది 500 ల్యూమెన్లు. ప్రమాణ టార్చి లేకపోయినా 'రెండోది మొదటిదానికి 1.67 రెట్లు' అని ధీమాగా చెప్పవచ్చు.

ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది. దూరం కొట్టే టార్చి పైకప్పు మీద చిన్న మచ్చలో వెలుగంతా వేస్తుంది. వెడల్పు టార్చి వెలుగులో కొంత ముందు గోడలకు తగిలి తరవాత తిరిగొస్తుంది. గోడల రంగు ముదురైతే వెడల్పు టార్చికి అన్యాయం జరుగుతుంది. సెన్సరును గదిలో మూడు చోట్ల పెట్టి సగటు తీస్తే ఈ పక్షపాతం తగ్గుతుంది. టార్చి ముఖం మీద పల్చటి పాలరంగు ప్లాస్టిక్ ముక్క పెట్టి రెండింటి వెలుగునూ ఒకేలా చెదరగొట్టినా తగ్గుతుంది. అయితే ఆ ప్లాస్టిక్‌ను ప్రమాణ టార్చికీ పెట్టే కొలవాలి. 20 ల్యూమెన్ల లోపు టార్చిలకు గది పద్ధతి వద్దు. మీటరు 0.8 అని చూపితే నిజం 0.75 కావచ్చు, 0.84 కావచ్చు. ఆ ఒక్క అంకె గుండ్రం చేయడంలోనే ఆరేడు శాతం పోతుంది.

రెండో పద్ధతి: కాండెలా, వెలుగు చేరే దూరం

టార్చి నుంచి సెన్సరుకు దూరం మీటర్లలో కొలిచి, దాని వర్గంతో లక్స్‌ను గుణిస్తే కాండెలా వస్తుంది. 5 మీటర్ల దూరంలో 189 లక్స్ వస్తే 189 × 25 = 4725 కాండెలా. దీని వర్గమూలాన్ని రెండుతో గుణిస్తే ప్రమాణం ప్రకారం వెలుగు చేరే దూరం. ఇక్కడ 137 మీటర్లు. అంతదూరంలో ఉన్నది వెన్నెలంత వెలుగు మాత్రమేనని మరచిపోకండి. దారి చూసుకుంటూ నడవాలన్నా, చెట్టుకింద ఉన్నది పొదో పశువో పోల్చుకోవాలన్నా ఆ అంకెలో సగమే లెక్కలోకి తీసుకోండి. సగం దూరంలో వెలుగు నాలుగు రెట్లు, అంటే 1 లక్స్ ఉంటుంది.

ఎంత దూరంలో కొలవాలన్నదే ఇక్కడ అసలు మెలిక. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగోవంతవుతుందన్న సూత్రం రిఫ్లెక్టరుకు బాగా దగ్గరలో పనిచేయదు. రిఫ్లెక్టరు అన్ని భాగాలనుంచీ వచ్చే కిరణాలు కొంత దూరం వెళ్లాకే ఒక మచ్చగా కలుస్తాయి. అందుకే ఒక మీటరు దగ్గర కొలిచి కాండెలా అని రాసేస్తే దూరం కొట్టే టార్చికి నష్టం. ఒకే టార్చికి ఇలాంటి వరుస వస్తుంది: 1 మీటరు దగ్గర 3800 లక్స్, లెక్క 3800 కాండెలా. 3 మీటర్ల దగ్గర 520 లక్స్, లెక్క 4680. 5 మీటర్ల దగ్గర 189 లక్స్, లెక్క 4725. చివరి రెండూ దాదాపు ఒకటే అయ్యాయి కాబట్టి ఈ టార్చికి 3 మీటర్లు దాటితే చాలు. ప్రతి టార్చికీ రెండు దూరాల్లో కొలిచి, రెండు కాండెలా అంకెలూ 5 శాతం లోపు కలిశాయో లేదో చూసుకోండి. కలవకపోతే ఇంకా వెనక్కి జరగండి.

దూరాన్ని టార్చి ముందు అద్దం నుంచి సెన్సరు తెల్లమూత దాకా కొలవాలి. ఒక మీటరు దూరంలో 5 సెంటీమీటర్లు తప్పితే ఫలితం పది శాతం తప్పుతుంది. 5 మీటర్ల దగ్గర అదే తప్పు రెండు శాతమే. టార్చిని కదలకుండా బిగించి, సెన్సరును మెల్లగా అటూ ఇటూ, పైకీ కిందకీ జరుపుతూ అన్నిటికంటే పెద్ద అంకెను పట్టుకోండి. చేత్తో పట్టుకున్న టార్చితో ఇది కుదరదు. వేలు వణికినా అంకె పడిపోతుంది.

నున్నటి నేల, పాలిష్ బల్ల వెలుగును సెన్సరుకు తిప్పికొడతాయి. మధ్యదారిలో నేలమీద నల్ల గుడ్డ పరవండి. మీటరు రేంజి స్విచ్చిని కూడా చూసుకోండి. కొన్ని మీటర్లు పెద్ద రేంజిలో అంకెను పదితోనో వందతోనో గుణించుకోమని మూలన చిన్న గుర్తు చూపిస్తాయి. అది గమనించకపోతే టార్చి పదోవంతు పనిచేస్తున్నట్టు కనబడుతుంది.

మూడో పద్ధతి: కోణాల వారీగా కొలిచి ల్యూమెన్లు కట్టడం

ప్రమాణ టార్చి లేనివారికి ఇదే దారి. శ్రమ ఎక్కువ, కానీ టార్చి వెలుగు ఎక్కడెక్కడికి పోతోందో ఇంత స్పష్టంగా ఏదీ చెప్పదు. టార్చి ముందున్న దిక్కులన్నిటినీ వలయాలుగా కోసి, ఒక్కో వలయంలో కాండెలా కొలిచి, ఆ వలయపు ఘనకోణంతో (టార్చి నుంచి చూస్తే ఆ వలయం ఎంత మేర పరచుకుందో చెప్పే అంకెతో) గుణించి, అన్నీ కూడాలి.

బల్లమీద కాగితం అంటించి, కోణమానినితో గీతలు గీయండి. టార్చి ముందు అద్దం మధ్యభాగం సరిగ్గా గీతలు కలిసే బిందువు మీద ఉండాలి. సెన్సరును 2 మీటర్ల దూరంలో, టార్చి ఎత్తులోనే, కదలకుండా పెట్టండి. తిప్పవలసింది టార్చిని. ముందు పెద్ద అంకె వచ్చే దిక్కును పట్టుకుని దాన్ని సున్నా డిగ్రీలనుకోండి. ఆ తరవాత కింది కోణాల వద్ద కుడివైపూ ఎడమవైపూ చదివి సగటు తీయండి. గుణించవలసిన అంకెలు ఇవి:

0–2 డిగ్రీల వలయం, 1 డిగ్రీ వద్ద కొలత: 0.00383
2–4, 3 డిగ్రీల వద్ద: 0.01148
4–6, 5 డిగ్రీల వద్ద: 0.01911
6–8, 7 డిగ్రీల వద్ద: 0.02673
8–10, 9 డిగ్రీల వద్ద: 0.03431
10–20, 15 డిగ్రీల వద్ద: 0.2835
20–30, 25 డిగ్రీల వద్ద: 0.4629
30–40, 35 డిగ్రీల వద్ద: 0.6282
40–50, 45 డిగ్రీల వద్ద: 0.7744

చిన్న కోణాలకు కాగితం మీది గీతలు సరిపోవు. ఒక డిగ్రీ అంటే 2 మీటర్ల దగ్గర మూడున్నర సెంటీమీటర్లే. తొమ్మిది డిగ్రీల లోపు టార్చిని అలాగే ఉంచి సెన్సరునే పక్కకు జరపండి: 3.5, 10.5, 17.5, 24.6, 31.7 సెంటీమీటర్లు. ఇక్కడ దూరం కాస్త పెరిగినా లెక్కమీద పడే తేడా స్వల్పం.

ఒక ఉదాహరణ చూడండి. 2 మీటర్ల దగ్గర వరుసగా 1500, 900, 400, 250, 200, 120, 60, 10 లక్స్ వచ్చాయి, 45 డిగ్రీల దగ్గర సున్నా. నాలుగుతో గుణిస్తే 6000, 3600, 1600, 1000, 800, 480, 240, 40 కాండెలా. వలయాల అంకెలతో గుణిస్తే వరుసగా 23, 41, 31, 27, 27, 136, 111, 25 ల్యూమెన్లు. మొత్తం 421.

ఈ అంకెల్లో ఒకటి ఆగి చూడదగ్గది. కళ్లు చెదిరే నడిమి మచ్చలో, అంటే 4 డిగ్రీల లోపు, ఉన్నది 64 ల్యూమెన్లు, మొత్తంలో ఆరోవంతు కూడా నిండుగా లేదు. చుట్టూ పల్చగా పరచుకున్న 10–40 డిగ్రీల వెలుగులో 272 ల్యూమెన్లున్నాయి. గోడమీద చూసి తీర్పు చెప్పే కన్ను ఆ పెద్ద భాగాన్ని దాదాపు వదిలేస్తోంది. వలయం పెద్దదైనకొద్దీ దాని వైశాల్యం గబగబా పెరుగుతుంది కాబట్టి పల్చటి వెలుగు కూడా కూడికలో బరువు తూగుతుంది. అందుకే వెలుపలి కోణాల దగ్గర చిన్న పొరపాటు కూడా ఖరీదైనదే. చుట్టువెలుగు అంచు టక్కున తెగే టార్చికి, అంచు పడిన వలయంలో ఒకచోట కాక మూడుచోట్ల కొలిచి సగటు వేయండి.

ఇన్ని కొలతలు తీసేలోపు టార్చి వేడెక్కి వెలుగు జారుతుంది. దీనికో మంచి ఉపాయం ఉంది. మధ్య స్థాయిలో కోణాలన్నీ కొలవండి, చివర సున్నా డిగ్రీలకు తిరిగొచ్చి మొదటి అంకే వస్తోందో లేదో చూడండి. మూడు శాతం మించి తగ్గితే ఇంకా కింది స్థాయిలో మళ్లీ చేయండి. స్థాయి మారినా ఒకే ఎల్‌ఈడీ ఉన్న టార్చి వెలుగు ఆకారం మారదు. కాబట్టి గరిష్ఠ స్థాయికి నడిమి లక్స్ ఒక్కటే 30వ సెకనున చదివి, మధ్య స్థాయి లక్స్‌తో నిష్పత్తి కడితే గరిష్ఠ ల్యూమెన్లు వచ్చేస్తాయి. మీటర్ల మధ్య తేడాలన్నీ కలిసి ఈ పద్ధతిలో పదిశాతం అటూఇటూ రావచ్చు. ఇంటి పనిముట్లకు అది మంచి ఫలితమే.

తరచు కొలిచేవారికి: థర్మకోల్ గోళం

25–30 సెంటీమీటర్ల బోలు థర్మకోల్ గోళం లోపల వెలుగు అనేకసార్లు పరావర్తనం చెంది, ఎటునుంచి వచ్చిందన్నది మరచిపోయి సమంగా నిండుతుంది. టార్చికి ఒక కంత, దానికి 90 డిగ్రీల పక్కన సెన్సరుకు మరో కంత చేయండి. రెండింటి మధ్య లోపల చిన్న తెల్ల అడ్డు నిలబెట్టండి, టార్చి మచ్చ పడే చోటును సెన్సరు నేరుగా చూడకూడదు. బయటంతా వెండి రంగు రేకు చుట్టండి. థర్మకోల్ వెలుగును కొంత లోపలికి రానిస్తుంది.

గుణకం కట్టాలంటే 250 ల్యూమెన్ల ప్రమాణ టార్చికి 410 లక్స్ వస్తే 250 ÷ 410 = 0.61. ఇక ఏ టార్చి లక్స్‌నైనా 0.61తో గుణించండి. ఒక్క ప్రమాణంతో సరిపెట్టకండి. దూరం కొట్టేదీ వెడల్పుగా పరిచేదీ రెండూ పెట్టి చూడండి. రెండు గుణకాల మధ్య పది శాతం తేడా ఉంటే లోపల వెలుగు సరిగ్గా కలవడంలేదు. అడ్డును జరపండి, లేదా టార్చి కంత దగ్గర పాలరంగు పొర పెట్టండి.

ఎక్కువమంది వదిలేసే సవరణ ఒకటి ఉంది. నల్లటి టార్చి తల కంతలో కూర్చున్నప్పుడు అది కూడా వెలుగును మింగుతుంది. పెద్ద తల ఎక్కువ మింగుతుంది. గోళంలో ఒక మూల చిన్న ఎల్‌ఈడీని స్థిరమైన కరెంటుతో శాశ్వతంగా అమర్చండి. ప్రమాణ టార్చిని ఆపి కంతలో పెట్టి ఆ ఎల్‌ఈడీ లక్స్ చదవండి. కొత్త టార్చిని ఆపి పెట్టి మళ్లీ చదవండి. మొదటిది 50, రెండోది 48 అయితే కొత్త టార్చి ఫలితాన్ని 50/48తో గుణించాలి. కంతకన్నా సన్నగా ఉన్న టార్చులకు తెల్లకాగితపు వలయాలు కత్తిరించి సందు మూయండి. శక్తిమంతమైన టార్చి అద్దం థర్మకోల్‌కు తగలకుండా చూసుకోండి, కరిగిపోతుంది.

కాలంతో పాటు వెలుగు ఎలా జారుతుందో చూడటం

మొదటి అర నిమిషంలో గొప్పగా ఉన్న టార్చి పది నిమిషాల తరవాత ఎలా ఉందన్నదే వాడేవారికి ముఖ్యం. మా దృష్టిలో డబ్బామీది గరిష్ఠ ల్యూమెన్ల కంటే ఈ గ్రాఫే ఎక్కువ చెబుతుంది.

టార్చినీ సెన్సరునూ కదలకుండా ఉంచి, 30 సెకన్లు, 1, 2, 3, 5, 10, 15, 20, 30 నిమిషాలు, ఆపైన ప్రతి పావుగంటకూ లక్స్ రాసుకోండి. కూర్చోలేకపోతే మీటరు తెరను ఫోన్‌తో టైమ్‌లాప్స్ తీయండి. 30వ సెకను అంకెలో పదోవంతుకు చేరగానే ఆపండి. లిథియం సెల్‌ను అంతకుమించి పిండకూడదు. గాలి కదలని గదిలో బల్లమీద వదిలేసిన టార్చి త్వరగా వేడెక్కి త్వరగా తగ్గించుకుంటుంది. చేతిలో ఉంటే చేయి వేడిని లాక్కుంటుంది. ఫ్యాను కింద పెడితే ఇంకా ఎక్కువసేపు గరిష్ఠంగా వెలుగుతుంది. ఏది ఎంచుకున్నా అన్నిటికీ అదే ఉంచండి. వెలుగుతున్న టార్చిని ముఖం కిందికి పెట్టి ముదురు గుడ్డమీద వదలకండి, గుడ్డ కాలుతుంది.

వచ్చిన అంకెలనుంచి ల్యూమెన్ గంటలు కట్టండి. మొదటి టార్చి 600 ల్యూమెన్లు 3 నిమిషాలు, తరవాత 200 చొప్పున రెండున్నర గంటలు: 30 + 500 = 530 ల్యూమెన్ గంటలు. రెండోది 300 ల్యూమెన్లు రెండు గంటలు స్థిరంగా: 600. డబ్బామీద సగమే రాసుకున్న రెండోది ఒక చార్జిమీద మొత్తంగా ఎక్కువ వెలుగునిచ్చింది.

ఇదే లెక్క అబద్ధపు డబ్బాలను కొనకముందే పట్టిస్తుంది. 3500 మిల్లీ ఆంపియర్ గంటల 18650 సైజు లిథియం సెల్, 3.6 వోల్టులు అంటే 12.6 వాట్ గంటలు. మంచి టార్చి వాట్‌కు సుమారు 100 ల్యూమెన్లు ఇస్తుందనుకుంటే ఒక చార్జిమీద వచ్చేది దాదాపు 1260 ల్యూమెన్ గంటలు. ఎవరైనా '2000 ల్యూమెన్లు స్థిరంగా 6 గంటలు' అంటే అది 12,000 ల్యూమెన్ గంటలు, వాట్‌కు 950కి పైగా. 555 నానోమీటర్ల పచ్చటి కాంతికి కూడా వాట్‌కు 683 ల్యూమెన్లే గరిష్ఠ హద్దు, తెల్లని కాంతికి అంతకంటే బాగా తక్కువ. 2000 మిల్లీ ఆంపియర్ గంటల ఏఏ రీచార్జి సెల్‌లో ఉన్నది 2.4 వాట్ గంటలే, అంటే 240 ల్యూమెన్ గంటల దగ్గర ఆగాలి.

ఫోటోలతో పోల్చాలంటే

ఫోన్ కెమెరాను ఆటోలో వదిలితే మసక టార్చిని వెలిగించి, వెలుగు టార్చిని తగ్గించి, రెండింటినీ ఒకటే చేసి చూపిస్తుంది. ప్రో మోడ్‌లో ఐఎస్‌ఓ, షట్టరు, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ నాలుగూ బిగించండి. వైట్ బ్యాలెన్స్ 5000 కెల్విన్ దగ్గర ఉంచండి. అన్నిటికంటే తీవ్రమైన టార్చిని ముందు తీసి, నడిమి మచ్చ పూర్తిగా తెల్లగా కాలిపోకుండా షట్టరు తెరిచి ఉండే సమయాన్ని తగ్గించండి. ఆ అమరికనే మిగతావాటికి ఉంచండి. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు చోట్ల తీసిన రెండు ఫోటోలను పక్కన పెట్టి తీర్పు చెప్పకండి.

అంకెలు తేడాగా వస్తే

వెలుగు రంగును ముందు అనుమానించండి. మీటరు సెన్సరు సిలికాన్‌ది. దాని మీది వడపోత గాజు మనిషి కంటి స్పందనను పూర్తిగా అనుకరించదు. 3000 కెల్విన్ల పసుపు వెలుగునూ 6500 కెల్విన్ల నీలివెలుగునూ పోల్చేటప్పుడు ఐదారు శాతం తేడాను లెక్కలోకి తీసుకోవద్దు. ఎర్ర, నీలి టార్చులను మామూలు మీటరుతో తెల్లవాటితో పోల్చనే పోల్చకండి. రంగులను నిజంగా చూపే ఎల్‌ఈడీలు అదే కరెంటుకు కాస్త తక్కువ ల్యూమెన్లిస్తాయి. అది లోపం కాదు. పండు పండిందో లేదో, వైరు ఎర్రదో గోధుమరంగుదో చూడాల్సినవారు ఆ కాస్త వెలుగును సంతోషంగా వదులుకోవచ్చు.

కింది స్థాయిల్లో అంకె నిలకడగా రాకపోతే టార్చి వెలుగును వేగంగా ఆపుతూ వెలిగిస్తూ తగ్గిస్తోందేమో చూడండి. సెకనులో వెయ్యోవంతు కంటే వేగమైన షట్టరుతో గోడను ఫోటో తీస్తే నల్లచారలు పడతాయి. అటువంటి టార్చికి మీటరులో సగటు లేదా నిలుపు బొత్తాం ఉంటే వాడండి, లేకపోతే ఐదారు అంకెలు చదివి మధ్యదాన్ని తీసుకోండి.

ఒకే టార్చి నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూపిస్తే, ప్రమాణ టార్చిని కొలవండి. అది కూడా అదే నిష్పత్తిలో మారితే తప్పు మీటరుదో గదిదో. మీటరు లోపలి బ్యాటరీ తగ్గినా అంకెలు జారుతాయి. ప్రమాణం మారకపోతే తప్పు టార్చిదే, సెల్, మరలు, స్విచ్చి వరుసగా చూడండి. స్విచ్చి లోపలి పలకల మీద మసి పేరుకుంటే వెనక మూత తీసి, సెల్ వెనకభాగాన్నీ గొట్టం అంచునూ చిన్న రాగి తీగతో కలిపి చూడండి. అలా కలిపినప్పుడు వెలుగు పెరిగితే స్విచ్చి మార్చే సమయం వచ్చింది. గరిష్ఠ స్థాయిలో తీగ వేడెక్కుతుంది, రెండు మూడు సెకన్లకు మించి పట్టుకోకండి.

పుస్తకంలో ప్రతి కొలత పక్కనా టార్చి, స్థాయి, సెల్ రకం, వెలిగించేముందు వోల్టేజి, గది ఉష్ణోగ్రత, దూరం, 0 సెకన్లూ 30 సెకన్ల అంకెలు, ఆరోజు ప్రమాణ టార్చి అంకె రాయండి. ప్రమాణ టార్చిలోంచి సెల్ తీసి వేరుగా దాచండి, సగం చార్జిలో, చల్లటి చోట.